థాంక్యూ కార్డు మీద తొమ్మిది సంతకాలు

గురువారం సంతలో గుడ్ల కోసమో జామ్ సీసా కోసమో ఆగిన ప్రతి టూరిస్టూ గ్లెనిస్ ప్రోసర్‌ని ఒకటే అడుగుతాడు, ఇక్కణ్ణుంచి వెళ్లి చూడదగ్గవి ఏమున్నాయని. ఆమె తలెత్తకుండా చెప్పే జవాబు కూడా ఒకటే.

"బస్టాండు."

ఇది మొరటుతనమని అనుకునేవాళ్లు అనుకోవచ్చు. మొరటుతనమే. కానీ ముందు మొరటుగా మాట్లాడింది ఆమె కాదు. ఒక మనిషి పుట్టి పెరిగిన ఊళ్లో నిలబడి, ఆ మనిషి మొహం మీదే, ఇక్కణ్ణుంచి ఎటు పోతే బాగుంటుందో చెప్పమనడం ఏం మర్యాద?

టాన్‌బ్రూక్‌ని చూడ్డానికి ఎవరూ రారు. ఇక్కడ దిగుతారు, పడుకుంటారు, పొద్దున్నే గుడ్లూ బేకనూ తిని ఎటో పోతారు. కోట పన్నెండు మైళ్లు, కొండలు ఎనిమిది మైళ్లు, పడవలు తిరిగే నది పదిహేను మైళ్లు. రంగుల టూరిస్టు పుస్తకంలో మా ఊరి గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది. పల్లెసీమ చూడ్డానికి చక్కని విడిది అట. ఏడువందల ఏళ్లుగా సంత నడుస్తున్న ఊరు, మూడు జిల్లాల గుర్రాలకు జీన్ల తోలు పంపిన ఊరు, చివరికి ఎవరెవరో సామాను దించుకునే చోటుగా మిగిలింది. నాలుగిళ్లకొక ఇంటి గుమ్మం పక్కన అంకెల తాళం ఉన్న ఇనుప పెట్టె కనిపిస్తుంది. అందులో తాళంచెవి ఉంటుంది. ఆ ఇంట్లో మనిషి ఉండడు. పిల్లలు చాలడం లేదని బళ్లో ఒక తరగతి ఎత్తేశారు. ఇక్కడే పుట్టిన కుర్రజంటలు ఇక్కడ అద్దెకు ఇల్లు దొరక్క పాతిక మైళ్ల అవతల ఉంటూ, రోజూ ఇక్కడికొచ్చి విడిది ఇళ్లలో దుప్పట్లు మారుస్తున్నారు.

గ్లెనిస్ ఊరి అంచున టానర్స్ రోలో, మూడో నంబరు ఇంట్లో పుట్టింది. ఒకప్పుడు తోళ్ల కార్ఖానా పనివాళ్ల కోసం కట్టిన తొమ్మిది ఇళ్ల వరస అది. పుట్టిన ఇంట్లోనే పెళ్లి చేసుకుంది, అదే ఇంట్లోంచి భర్త కెన్‌ని కాటికి సాగనంపింది. బడి వంటగదిలో ఇరవై రెండేళ్లు పనిచేసింది. నడుము మొరాయించాక మానేసి, అప్పటిదాకా సరదాకి నడిపిన సంత దుకాణాన్నే బతుకుదెరువు చేసుకుంది. కోడిగుడ్లు, రూబార్బ్ కాడలు, డామ్సన్ పళ్ల జామ్, పెరుగు డబ్బాల్లో పెంచిన నారు. ఇవన్నీ ఆమె మోసుకెళ్లేది వాళ్లమ్మ కొన్న పసిపిల్లల తోపుడుబండిలో. ముదురు నీలం రంగు, మోకాలెత్తు చక్రాలు, తళతళలాడే పిడి. గ్లెనిస్ కూడా అందులో పడుకుని పెరిగినదే. ఆమెకు కారు నడపడం రాదు. ఎప్పుడూ అవసరం పడలేదు, ఎందుకంటే మాకు దారి ఉండేది.

మా వరస చివర గేటు. గేటు దాటితే బీవన్ పొలం. పొలం అంచున కొట్టాల వెనక నుంచి వెళ్లి, వాగు మీద బల్లవంతెన దాటి, చర్చి గోడ పక్కనుంచి ఎక్కితే సంత చదరంలో తేలతాం. పన్నెండు నిమిషాలు. రోడ్డు మీదుగా అయితే రెండున్నర మైళ్లు. ఆ రోడ్డుకి పక్కన నడవడానికి అడుగు జాగా లేదు, పాల ట్యాంకర్లు ముళ్లపొదల్ని రాసుకుంటూ పోతాయి. గురువారం ఎనిమిదింటికి సంత గుమాస్తా చేతిగంట మోగిస్తాడు. గంట మోగేసరికి దుకాణం పరిచి ఉండాలి. వరసగా మూడు గురువారాలు పరచకపోతే ఆ చోటు జాబితాలో తర్వాతివాళ్లకి పోతుంది. జాబితాలో ఇప్పుడున్నది ఆలివ్ కాయలవాళ్లు, వాసన కొవ్వొత్తులవాళ్లు. అంటే ఆ దారి పోతే గ్లెనిస్ దుకాణం పోతుంది. దుకాణం పోతే ఆమెకి మిగిలేది రోజంతా కూర్చుని చూడ్డానికి ఒక కిటికీ.

ముసలి బీవన్ పోయి చాలా ఏళ్లయ్యాక, ఆ పొలాన్నీ కొట్టాల్నీ పియర్స్ ఆల్డింగ్టన్ కొన్నాడు. లండన్‌లో ఏదో అమ్మి వచ్చినవాడు. ఏం అమ్మాడో మాకెవరికీ అర్థం కాలేదు, అతను చెప్పినప్పుడు కూడా. ఎవరినైనా మొదటిసారే పేరుపెట్టి పిలుస్తాడు, భుజం మీద చెయ్యి వేస్తాడు. ఆవుల కొట్టాల్ని అయిదు విడిది ఇళ్లుగా మార్చి, వెనక వైపు ఒక్కో ఇంటికీ వేణ్నీళ్ల తొట్టి పెట్టించాడు. మొదట్లో మాతో గొడవేమీ లేదు. పైగా వాగు పొంగిన ఏడాది, 2011లో, గేటు దగ్గర బురదలో కంకర పోయించి కొత్త గేటు కూడా పెట్టించాడు. అతని గడ్డి బళ్లు కూడా అటే వెళ్లాలి మరి.

అక్కడే మేం తప్పు చేశాం. అలాంటి తప్పు ఈ దేశంవాళ్లు తప్ప ఇంకెవరూ చెయ్యలేరు. బస్సు దిగుతూ డ్రైవరుకి థాంక్స్ చెబుతారు. జరిమానా చీటీ చేతిలో పెట్టిన పోలీసుకి థాంక్స్ చెబుతారు. తమ కాలు తొక్కినవాడికి తామే సారీ చెబుతారు. గ్లెనిస్ పోస్టాఫీసులో ముళ్లపంది బొమ్మ ఉన్న కార్డు కొంది. లోపల గుండ్రటి అక్షరాలతో ఇలా రాసింది: "ఇన్నాళ్లూ మీ పొలంలోంచి మమ్మల్ని నడవనిస్తున్నందుకు, ఇప్పుడు గేటు కూడా బాగుచేయించినందుకు టానర్స్ రో వాళ్లందరి తరఫున కృతజ్ఞతలు." కార్డు ఇల్లిల్లూ తిరిగింది. తొమ్మిది సంతకాలు పడ్డాయి. ఆరోది నాది. అందరూ పెడతారు కదా అని సంతకం కింద ఇక్కడివాళ్లు వేసే ముద్దు గుర్తు, ఒక ఇంటూ మార్కు, కూడా పెట్టాను.

పదకొండేళ్ల తర్వాత ఒక గురువారం పొద్దున గ్లెనిస్ తోపుడుబండి తోసుకుంటూ వెళ్లేసరికి గేటుకి తాళం ఉంది. ఆకుపచ్చ బోర్డు మీద తెల్ల అక్షరాలు: ప్రైవేటు స్థలం, విడిది అతిథులకు మాత్రమే. ఆమె గేటు ఇవతలే నిలబడి ఉండగా పియర్స్ కుక్కతో వచ్చాడు. జరిగిందంతా ఆమె తర్వాత నాకు చెప్పింది. అతను చాలా బాధపడుతూ మాట్లాడాడట. అతిథులు ప్రశాంతత కోసం వస్తారని, పొద్దున్నే తొట్టిలో కూర్చుని కళ్లు తెరిచేసరికి ఎవరో పెద్దావిడ తోపుడుబండిలో కోడిగుడ్లు పెట్టుకుని తమను చూస్తూ పోతోందని ఇంటర్నెట్లో రాశారని, రేటింగు పడిపోయిందని.

"నేను వాళ్లని చూళ్లేదు, ఆల్డింగ్టన్ గారూ. చూడ్డానికి అక్కడ ఏముందని?" అందట గ్లెనిస్.

"గ్లెనిస్, మీరు మంచివారు. మీకు అర్థమవుతుందని నాకు తెలుసు."

"అర్థమైంది. తాళం తియ్యండి."

అతను తియ్యలేదు. ఆమె గుడ్లతో వెనక్కి వచ్చేసింది.

దారి కోసం కౌన్సిల్‌కి అర్జీ పెట్టొచ్చని కనిపెట్టింది డెస్ టడ్జ్. ఎనిమిదో నంబరు ఇల్లు. ముప్ఫై ఏళ్లు బస్సు నడిపి రిటైరైనవాడు. రూల్సు పుస్తకం చదవడమంటే అతనికి పండగ. మా అందరినీ తన వంటింట్లో కూర్చోబెట్టి, టీ పోసి, పాఠం చెప్పాడు. జనం ఒక దారిన ఇరవై ఏళ్లు నడిస్తే అది జనం దారి అవుతుంది, కానీ మూడు షరతులు. బలవంతంగా నడిచి ఉండకూడదు, దొంగచాటుగా నడిచి ఉండకూడదు, అనుమతి తీసుకుని నడిచి ఉండకూడదు. అడిగి నడిస్తే అది వాడి దయ. అడక్కుండా నడిస్తేనే మన హక్కు.

"అంటే మర్యాద లేనివాళ్లకే హక్కన్నమాట," అంది గ్లెనిస్.

"అదేగా. నీకు ఢోకా లేదు," అన్నాడు డెస్.

అందరం నవ్వాం. తొమ్మిది ఇళ్లవాళ్లం తొమ్మిది ఫారాలు నింపాం. ఎన్నేళ్ల నుంచి నడుస్తున్నారు, ఎవరైనా ఆపారా, ఎవరినైనా అడిగారా అన్నవి ప్రశ్నలు. లేదు, లేదు అని రాసుకుంటూ పోయాం. ఆ కార్డు సంగతి ఒక్కరికీ గుర్తు రాలేదు. థాంక్స్ చెప్పిన ప్రతిసారీ గుర్తుంచుకోవాలంటే ఇక్కడివాళ్లకి తలలో చోటు చాలదు.

విచారణ తేదీ పడేసరికి రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లూ గురువారాలు డెస్ తన కారులో గ్లెనిస్‌ని సంతకి దించాడు. తోపుడుబండి కారులో పట్టదు కాబట్టి సరుకంతా అరటిపళ్ల అట్టపెట్టెల్లో సర్దేవాళ్లు. డెస్ కళ్లకి శుక్లాలు. ఏడాది చివరికి బండి మానెయ్యమని డాక్టరు చెప్పాడు. అందుకే అందరికీ ఆ విచారణ మీదే ఆశ.

దానికి నెల ముందు, ఇరుపక్షాల కాగితాలూ ఒకరివి ఒకరికి పంపుకునే రోజు వచ్చింది. పియర్స్ లాయరు పంపిన కట్టలో పదిహేడో కాగితం ముళ్లపంది. పద్దెనిమిదో కాగితం తొమ్మిది సంతకాలు. కింద నా ముద్దు గుర్తు స్పష్టంగా కనిపిస్తోంది.

పదమూడేళ్లు దాచాడు! రోజూ ఎదురుపడితే పేరు పెట్టి పలకరిస్తూ, క్రిస్మస్‌కి గుమ్మం ముందు కేకు పెట్టి వెళుతూ, ఆ కార్డుని మాత్రం ఫైల్లో భద్రంగా పెట్టుకున్నాడు. నాకు అతని మీద వచ్చిన కోపానికి ఇంతవరకూ పేరు దొరకలేదు. కానీ వరసలో జనానికి కోపం వచ్చింది అతని మీద కాదు. గ్లెనిస్ మీద.

ఎప్పుడూ జరిగేది ఇదే. పైవాడి దెబ్బకి కిందవాళ్లు పక్కవాడి జుట్టు పట్టుకుంటారు. తనకి కార్డు చదివే తీరికే ఇవ్వలేదని అయిదో నంబరావిడ అంది. తాము ఆ ఏడాదే కొత్తగా వచ్చామని, పెద్దవాళ్లు పెట్టమంటే పెట్టామని తొమ్మిదో నంబరువాళ్లు అన్నారు. డెస్ గ్లెనిస్ గుమ్మంలో నిలబడి అన్న మాట వరసంతా వినబడింది.

"కొన్నది నువ్వు. రాసింది నువ్వు. 'నడవనిస్తున్నందుకు' అట. మీ అమ్మ ఏ రోజైనా వాణ్ణి అడిగిందా, వీణ్ణి అడిగిందా? దారి తీసుకెళ్లి ముళ్లపందితో సహా ఆ పియర్స్ చేతిలో పెట్టొచ్చావ్."

గ్లెనిస్ తలుపేసుకుంది. ఆ గురువారం డెస్ కారు తియ్యలేదు. నేను ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్నాను. ఆమె ఎవరినీ అడక్కుండా తోపుడుబండి వేసుకుని రోడ్డు మీదకి వెళ్లింది. మొదటి మలుపులోనే పాల ట్యాంకరు వచ్చి, బండినీ ఆమెనీ పక్క కాలవలోకి దించింది. డ్రైవరు ఆగి, దిగి, సారీ చెప్పాడు. ఆమె థాంక్స్ చెప్పింది. ఒక్క గుడ్డూ మిగల్లేదు. గంట మోగేసరికి దుకాణం లేదు. మరుసటి గురువారం మోకాలు వాచి మంచం దిగలేదు. రెండు గురువారాలు పోయాయి. సంత గుమాస్తా పాపం బాధపడుతూనే చీటీ పంపాడు, మూడోది కూడా ఖాళీగా ఉంటే తన చేతిలో ఏమీ ఉండదని.

ఆ చీటీ సంగతి నేనే వెళ్లి డెస్‌కి చెప్పాను. వినిపించుకోనట్టు కాసేపు కెటిల్ కడిగాడు. తర్వాత కోటు వేసుకుని ఆమె ఇంటికి నడిచాడు, వెనకే నేను. క్షమాపణ చెప్పడానికి వెళ్లినవాడు క్షమాపణ చెప్పలేక, టీ తాగి, ఇంకో టీ తాగి, మెట్ల కింద టాయిలెట్లోకి వెళ్లాడు. ఎంతకీ రాలేదు. వచ్చేటప్పుడు చేతిలో ఒక ఫ్రేము ఉంది.

గౌరవాలూ అవమానాలూ తమకి పట్టవని చాటుకోవడానికి ఇక్కడివాళ్లు కొన్ని వస్తువుల్ని టాయిలెట్లో తగిలిస్తారు. పాత డిగ్రీ పట్టాలు, మొగుడు వెర్రిమొహం పెట్టిన ఫోటోలు, తమను తిట్టిన ఉత్తరాలు. ఆ ఫ్రేము నేను కూడా వందసార్లు చూసిందే, నవ్విందే. 1988లో ముసలి బీవన్ మా వారపత్రికకి రాసిన ఉత్తరం.

"అయ్యా, టానర్స్ రో జనం నా పొలాన్ని బజారు చేశారు. వాళ్లలో ఒక్కరికి కూడా నేనుగానీ మా నాన్నగానీ నడవమని చెప్పింది లేదు. చెప్పేదీ లేదు. ముఖ్యంగా ఆ ప్రోసర్ పెళ్లాం, గురువారం వస్తే చాలు, సర్కస్ వాళ్లలా తోపుడుబండి వేసుకుని నా ఆవుల మధ్య ఊరేగుతుంది. ఏళ్ల తరబడి చూసి ఊరుకున్నాను. సోమవారం నుంచి గేటుకి తాళం వేస్తున్నాను."

ఆ తాళం పదకొండు రోజులుంది. పన్నెండో రోజు బీవన్ భార్యే తీసేసింది. ఆవిడ చర్చికి వెళ్లాల్సింది కూడా అటే.

డెస్ ఫ్రేముని బల్ల మీద పెట్టి, వేలితో కొడుతూ చెప్పాడు. తాళం పడిన రోజు నుంచి వెనక్కి ఇరవై ఏళ్లు లెక్కపెట్టొచ్చు. అది పియర్స్ తాళమే కానక్కర్లేదు, బీవన్ తాళం కూడా తాళమే. అప్పుడు ముళ్లపంది ఇంకా పుట్టనే లేదు. దారి సొంతదారే స్వయంగా, అనుమతి ఇవ్వలేదని పేపర్లో అచ్చేసుకున్నాడు.

"ఇంతకన్నా ఏం కావాలి? దగ్గర దగ్గర నలభై ఏళ్లుగా దీని ముందు కూర్చుంటున్నాం, ఒక్కరికీ తట్టలేదు." అప్పుడే అతను ఫ్రేము లోపల ఉత్తరం కింది సగాన్ని కప్పేసిన అట్టని గమనించాడు. "దీని కింద ఇంకా ఉన్నట్టుందే?"

"ఉంది. చదవక్కర్లేదు," అంది గ్లెనిస్.

"ఏళ్ల తరబడి అంటే ఎన్నేళ్లో—"

"పై సగం ఇస్తాను. కింద సగం అడిగితే ఫ్రేముతో సహా పొయ్యిలో పడేస్తా, డెస్."

అతను అడగలేదు. మూడో గురువారం ఏడింటికే కారు తీశాడు.

విచారణ ధాన్యం హాల్లో, ఒకప్పుడు ధాన్యం బేరాలు జరిగిన ఊరి హాల్లో, జరిగింది. ఒక పక్క టీ బాయిలరు, ప్లేట్లో బిస్కెట్లు, మధ్యలో బల్ల వెనక కౌన్సిల్‌కి సంబంధం లేని బయటి అధికారిణి ఒకావిడ. నడిచే బూట్లు వేసుకుని వచ్చింది, అది మాకు నచ్చింది. పియర్స్ ముందు వరసలో కూర్చుని అందరికీ చెయ్యి ఊపాడు. మేం కూడా ఊపాం, చేతులు అలవాటుకొద్దీ లేచాయి. మధ్యలో వానకోట్లలో ఇద్దరు టూరిస్టులు లోపలికొచ్చి, ఇక్కడ ఏం ప్రదర్శన జరుగుతోందని గుసగుసగా అడిగారు. మేమే ప్రదర్శన అని డెస్ చెప్పాడు. వాళ్లు కూర్చున్నారు.

లాయరు కార్డు చదివాడు. అందంగా చదివాడు. ఒక్కొక్కరినీ పిలిచి, ఈ సంతకం మీదేనా అని అడిగాడు. మాదే అన్నాం. కృతజ్ఞత మనస్ఫూర్తిగానే చెప్పారా అని అడిగాడు. అవునన్నాం. కాదంటే అబద్ధం. నన్ను ముద్దు గుర్తు గురించి కూడా అడిగాడు. హాల్లో చిన్న నవ్వు.

తర్వాత డెస్ లేచి బీవన్ ఉత్తరం పెట్టాడు. లాయరు దాన్ని కళ్లజోడు పైకెత్తి చదివి, గౌరవంగా కింద పెట్టాడు. అనుమతి లేదన్న మాట నిజమే కావచ్చు అన్నాడు. కానీ ఏళ్ల తరబడి అంటే ఎన్ని? మూడేళ్లా? అయిదేళ్లా? ప్రోసర్ గారు సంతకి వెళ్లడం మొదలుపెట్టింది 1984లో అని ఆమె ఫారంలోనే ఉంది. నాలుగేళ్లంటే ఇరవై కాదు. అంతకు ముందు ఆ దారిన నడిచారనడానికి, ఇక్కడి వారి జ్ఞాపకాలు కాక, ఏదైనా కాగితం ఉందా?

అధికారిణి గ్లెనిస్ వైపు చూసింది.

గ్లెనిస్ వెంటనే లేవలేదు. ఒడిలో హ్యాండ్‌బ్యాగు, దాని మీద రెండు చేతులు. ఆమె తల్లి ఎనిడ్‌ని నేను చూడలేదు, కానీ ఈ ఊళ్లో ఆవిడ పేరు తెలియనివాళ్లు లేరు. ఆదివారం బళ్లో పిల్లలకి నలభై ఏళ్లు బైబిలు చెప్పిన మనిషి. చర్చిలో ఆవిడ పేరు రాసిన బెంచీ ఉంది. దాని మీద చెక్కింది ఒకటే మాట: నిజాయితీ. ఆ బెంచీ కోసం చందాలు పోగుచేసింది గ్లెనిసే.

ఆమె లేచి, బల్ల దగ్గరికి వెళ్లి, ఫ్రేముని బోర్లా తిప్పింది. మేకులు గోటితో లాగబోయింది, రాలేదు. బిస్కెట్ల పక్కనున్న చెంచాతో పెకలించింది. అట్ట తీసేసింది. కళ్లజోడు పెట్టుకుని, కింద సగం తనే చదివింది, బళ్లో మధ్యాహ్నం వంటకాల పట్టిక చదివే గొంతుతో.

"ఇది వాళ్ల రక్తంలోనే ఉంది. దీని తల్లి ఇదే బండిలో, ఇదే దారిన, ఈ మనిషిని పసిగుడ్డుగా పడుకోబెట్టి తీసుకెళ్లేది. పిల్ల కింద నా టర్నిప్ దుంపలుండేవి. యాభై ఐదో సంవత్సరం చలికాలమంతా నా వంటింటి కిటికీలోంచి కళ్లారా చూశాను. ఆ తర్వాత ఏ ఏడాదీ ఆ బండి ఆగింది లేదు. దొంగ పిల్ల దొంగ కాక ఏమవుతుంది?"

అయిదో నంబరావిడ నేల చూపులు చూస్తోంది. పియర్స్ మొహంలో నవ్వు మాత్రం అలాగే ఉంది, తియ్యడం మర్చిపోయినట్టు.

లాయరు తేరుకుని లేచాడు. అయితే ఇది దొంగచాటు వ్యవహారమన్నాడు. దొంగచాటుగా నడిచిన నడక చట్టం ముందు లెక్కలోకి రాదని గుర్తు చేశాడు.

"దొంగచాటు దుంపల సంగతి. నడక సంగతి కాదు," అంది గ్లెనిస్. "మా అమ్మకి ఒకే కోటు ఉండేది, ఎర్రది. మంచులో మైలు దూరానికి కనబడేది. బీవన్ గారు చూశారు. చూశారు కాబట్టే రాశారు."

అధికారిణి మెల్లగా చెప్పింది, దుంపల గురించి ఆమె ఏమీ చెప్పనక్కర్లేదని, ఈ విచారణకు దానితో సంబంధం లేదని.

"చెబుతాను, మేడమ్. నిజమే తీసుకుంది. ఆ చలికాలం మా నాన్న చెయ్యి కార్ఖానా రోలర్లో పోయింది. కార్ఖానా వాళ్లు పువ్వులు పంపారు. మా అమ్మ వాళ్లకి థాంక్స్ చెబుతూ ఉత్తరం రాసింది. ఇంట్లో ముగ్గురు పిల్లలం." కాగితం మడిచి బల్ల మీద పెట్టింది. "దారి గురించి మాత్రం ఆవిడ ఎవర్నీ అడగలేదు. ఎవరికీ థాంక్స్ చెప్పలేదు. ఆ తెలివితక్కువతనం నాదే."

వెనక్కి వచ్చి కూర్చుంది. డెస్ ఆమె వైపు చూడకుండా, తన బిస్కెట్ ఆమె ప్లేట్లో పెట్టాడు.

మధ్యాహ్నం అధికారిణి దారి మొత్తం నడిచింది. పియర్స్ తాళం తీశాడు, ఆ ఒక్కరోజుకే అన్నాడు. వేణ్నీళ్ల తొట్టిలో ఒక జంట మెడ దాకా మునిగి ఉన్నారు. ఆవిడ వాళ్లకి గుడాఫ్టర్‌నూన్ చెప్పి, అడుగులేస్తూ దారి వెడల్పు కొలుచుకుని, నోటు పుస్తకంలో రాసుకుని పోయింది.

అయిదు నెలలకి తీర్పు వచ్చింది. పదకొండు పేజీలు. అందులో ముళ్లపంది గురించి నాలుగు వాక్యాలు, ఎర్రకోటు గురించి రెండు పేజీలు. దారి జనానిది. డెస్ దాన్ని వీధి మధ్యలో నిలబడి గట్టిగా చదివాడు, శుక్లాల వల్ల మధ్యమధ్య లైన్లు తప్పుతూ. కౌన్సిల్ వాళ్లు గేటు పక్కన చెక్కస్తంభం పాతి, నడకదారి అని బాణం గుర్తు కొట్టారు.

గెలిచామని నేను అనను. పియర్స్ తన విడిది ఇళ్ల ప్రకటనలో ఇప్పుడు ఆ దారిని కూడా చేర్చుకున్నాడు. మీ గుమ్మం ముందు నుంచే చారిత్రక నడకదారి, ఒక పేద తల్లి కథతో సహా! వచ్చినవాళ్లు ఆ దారిన నడిచి సంతకి వచ్చి, గ్లెనిస్ దుకాణం ముందు నిలబడి, ఎర్రకోటు ఆవిడది ఏ ఇల్లని అడుగుతున్నారు. ఆమె బస్టాండు వైపే చూపిస్తోంది. చర్చిలో ఎనిడ్ బెంచీ ఉన్నచోటే ఉంది. దాని మీద మాట తీసెయ్యాలని ఒకరిద్దరు గొణిగారట. గ్లెనిస్ తర్వాతి ఆదివారం వెళ్లి, ప్రార్థన అంతసేపూ ఆ బెంచీ మధ్యలో కూర్చుంది. పక్కన ఎవరికీ చోటు మిగల్లేదు. మరి ఎవరూ గొణగలేదు. ఫ్రేము మళ్లీ టాయిలెట్లోకి వెళ్లింది, అట్ట లేకుండా.

స్తంభం పాతాక వచ్చిన మొదటి గురువారం ఆమెతో నేను కూడా నడిచాను. తోపుడుబండి కొత్తగా నూనె పెట్టిన చక్రాల మీద పోతోంది. గేటు దగ్గర పియర్స్ కుక్కతో ఎదురొచ్చాడు. మమ్మల్ని చూసి ఆగి, తనే గేటు తెరిచి, పక్కకి తప్పుకుని పట్టుకున్నాడు.

"రండి గ్లెనిస్, రండి. మీ తర్వాతే."

ఆమె నోరు తెరుచుకుంది. డెబ్భై ఏళ్ల అలవాటు నాలుక చివరిదాకా రావడం నేను చూశాను. బండి ముందు చక్రాలు గేటు దాటాయి, వెనక చక్రాలు దాటాయి. ఆమె నోరు మూసుకుని, అతని వైపు తిరక్కుండా, గుడ్లు కదలకుండా నెమ్మదిగా తోసుకుంటూ పోయింది. అతను గేటు పట్టుకుని ఇంకా అలాగే ఎదురుచూస్తూ నిలబడ్డాడు. వెనకే వస్తున్న నేను కూడా ఏమీ అనకుండా దాటాను.